మన్యంలో కొలువులు - పౌరహక్కులు

తెలుగు నాట 'ఏజెన్సీ' అను మాటకు రెండర్థాలు కలవు. పట్టణవాసులకు అది ఒక సంస్థ పేరు. సరకు పంపిణీ చేయు దుకాణం కావచ్చును, సర్కారు కార్యాలయం కావచ్చును. విశాఖ, గోదావరి మన్యాలలో మాత్రం అది ఒక సీమ పేరు. నర్సీపట్నం దాటి ఘాటు రోడ్డెక్కి, లంబసింగి మీదుగా చింతపల్లి చేరి, అక్కడినుండి గూడెం కొత్తవీధికి పోవు బస్సు ప్రయాణికులు తాము ఏజెన్సీలోనికి పోవుచున్నామనియే చెప్పుదురు. ఈ పేరు వెనుక ఒక చట్టమున్నది. 1839లో ఆనాటి ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధినుండి తప్పించి, వాటి పాలనను గవర్నరుకు ఏజెంటుగా జిల్లా కలెక్టరు చేతిలో పెట్టినది. ఏజెంటు ఏలు ప్రాంతం కనుక ఏజెన్సీ అయినది.

సీమలకు నదుల పేర్లు, కొండల పేర్లు, రాజుల పేర్లు వచ్చుట సహజం. ఒక ఉద్యోగి హోదాను బట్టి పేరు వచ్చిన సీమలు అరుదు. అట్టి చోట ప్రభుత్వోద్యోగి ఎవరు, అతడు ఏ భాష మాట్లాడును, ప్రజలను ఏ చూపు చూచును అనునవి చిన్న ప్రశ్నలు కావు. మా కళాశాల విద్యార్థులలో పలువురు రేపు పోటీ పరీక్షలు వ్రాసి ప్రభుత్వోద్యోగాలలో చేరగోరుచున్నవారే. కొలువు దొరకుట హక్కా, అనుగ్రహమా? ఒకరి హక్కు మరొకరి హక్కుతో ఢీకొన్నచో న్యాయం ఎట్లు నిర్ణయించవలెను? ఈ ప్రశ్నలను గూడెం సీమను కేంద్రంగా తీసికొని, అక్కడి బడిపంతుళ్ళ నియామకాలపై మూడు దశాబ్దాలకు పైగా సాగిన వివాదం ఆధారంగా వివరింప యత్నించుచున్నాము.

కొండమీది సర్కారు

గూడెం సీమలో పూర్వం పాలన ముఠాల ద్వారా సాగెడిది. కొన్ని గ్రామాల కూటమి ఒక ముఠా. దానికి పెద్ద ముఠాదారు. శిస్తు వసూలు చేయుట, తగవులు తీర్చుట అతని పని. ముఠాదారుల ఏలుబడి దోషరహితమని మేము చెప్పుట లేదు. కాని ఆ పెద్ద కొండమనిషి. రైతు మాట అతనికి తెలియును, అతని మాట రైతుకు తెలియును. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు వ్యవసాయంపై, అడవి ఫలసాయంపై ఆంక్షలు పెరిగినవి. అటవీ, రెవెన్యూ, పోలీసు, ఆబ్కారీ శాఖల సిబ్బంది కొండలెక్కినారు. వారికి ఇక్కడి భాష రాదు; ఇక్కడివారికి వారి కాగితం రాదు.

ఈ ఎడం ఎంత ప్రమాదకరమో 1922వ సంవత్సరం చూపినది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు గిరిజనులచేత వెట్టిచాకిరి చేయించుట మన్యం తిరుగుబాటుకు దగ్గరి కారణాలలో ఒకటి. ఆ యేడు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసినది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్లేయాధికారులు హతులైనారు. ఆ దామనపల్లి నేటి గూడెం కొత్తవీధి మండలంలోనిదే. 1924 మే 7న రాజు కొయ్యూరు వద్ద కాల్చి చంపబడుటతో ఆ వీరగాథ ముగిసినది. దీనిలో మనం విశేషించి గమనింపదగినది ఒకటి కలదు. గిరిజనుల ఆగ్రహం మొదట రగిలినది లండనులోని మంత్రులను చూచి కాదు, ఎదుట కుర్చీలో కూర్చున్న ఉద్యోగిని చూచి. సామాన్యునికి ప్రభుత్వమనగా ఆ ఉద్యోగియే.

రాజు అనుచరులలో ముఖ్యుడైన గాం మల్లుదొర కారాగారవాసం అనుభవించి వచ్చి, 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. చట్టసభలో గిరిజనునికి చోటు దొరకినది. బడిలో, తాలూకా కచేరీలో, ఆసుపత్రిలో ఆ చోటు అంత వేగంగా దొరకలేదు. 1969 నాటి రెండవ రెగ్యులేషను ముఠాలను రద్దు చేసి రైతువారీ పద్ధతిని ప్రవేశపెట్టినది. పాత పెత్తనాలు తొలగుట మంచిదే. అయితే కొండమనిషి చేతిలోనున్న కొద్దిపాటి అధికారం కూడ దానితో జీతం పుచ్చుకొను ఉద్యోగి చేతికి పోయినది. కనుక ఆ ఉద్యోగి ఎవరను ప్రశ్నకు అప్పటినుండి మరింత బలం వచ్చినది.

నేడు గూడెం కొత్తవీధి మండలంలో ప్రభుత్వ సంస్థలకు కొదువ లేదు. సీలేరు వద్ద జలవిద్యుత్ కేంద్రం, ఆర్.వి. నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం, అటవీ అభివృద్ధి సంస్థవారి కాఫీ తోటలు, గిరిజన సహకార సంస్థవారి కొనుగోళ్ళు, ఆశ్రమ పాఠశాలలు ఉన్నవి. ఐదవ పంచవర్ష ప్రణాళిక కాలంలో ఏర్పడిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల పద్ధతిలో పాడేరు ఐ.టి.డి.ఏ. ఈ ప్రాంతపు పనులను చూచుచున్నది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. కార్యాలయాలు దగ్గరైనవి. కార్యాలయాలలోని మనుషులు దగ్గరైనారా అనునదే ప్రశ్న.

రాజ్యాంగం చెప్పు మాట

ప్రభుత్వోద్యోగాల విషయంలో మన రాజ్యాంగంలోని 16వ అధికరణం మూలస్తంభం. దాని మొదటి ఖండం పౌరులందరికీ సమానావకాశం ఇచ్చును. రెండవ ఖండం మతం, జాతి, కులం, లింగభేదం, వంశం, జన్మస్థలం, నివాసం అను కారణాలతో మాత్రమే ఎవరినీ అనర్హులుగా చేయరాదని శాసించును. మూడవ ఖండం ఒక ప్రాంతపు నివాసులకే కొన్ని ఉద్యోగాలు ఇయ్యవలెనన్న నియమాన్ని చేయు అధికారం పార్లమెంటుకు మాత్రమే ఇచ్చును. నాలుగవ ఖండం తగినంత ప్రాతినిధ్యం లేని వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలు ప్రత్యేకించుటకు రాష్ట్రాన్ని అనుమతించును.

ఈ ఖండాలు ఒకదానికొకటి విరుద్ధములని తొందరపడి తలపరాదు. మొదటి రెండు కొలువు తలుపు తెరచి ఉంచుమని చెప్పును. నాలుగవది ఆ తలుపు దాక నడచి రాలేని వానికి దారి వేయుమని చెప్పును. తలుపు తెరచి, దారి లేకున్నచో కొండమీది వానికి ఆ తలుపు మూసినట్లే. దారి వేయు పేరిట ఇతరులకు తలుపు పూర్తిగా మూసినచో అదియు సమానత్వం కాజాలదు. రెంటినీ తూచుటయే న్యాయం.

మన్యానికి మరియొక ప్రత్యేకత కలదు. 244వ అధికరణం, ఐదవ షెడ్యూలు ఈ ప్రాంతాలకు వర్తించును. ఐదవ షెడ్యూలు ఐదవ పేరా ప్రకారం, పార్లమెంటు గాని రాష్ట్ర శాసనసభ గాని చేసిన ఒక చట్టం షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదనియో, కొన్ని మార్పులతో వర్తించుననియో గవర్నరు ప్రకటింపవచ్చును. భూమి బదిలీని నియంత్రించు 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, దానికి 1970లో చేసిన సవరణ ఈ పేరా క్రింద పుట్టినవే. వన్ ఆఫ్ సెవెంటీ అని మన్యంలో ప్రతివారి నోట నానునది ఇదియే. భూమిని కాపాడిన పేరాయే కొలువును కూడ కాపాడగలదా? వివాదమంతయు ఇక్కడ మొదలైనది.

లెక్క ఎందుకు తప్పినది?

ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగలకు ప్రభుత్వోద్యోగాలలో 6 శాతం ప్రత్యేకించబడినది. రాష్ట్రం మొత్తం జనాభాను చూచినచో ఈ లెక్క సమంజసమే. కాని అదే లెక్కను జనాభాలో అత్యధికులు గిరిజనులైన మండలానికి వర్తింపజేసినచో ఏమగును? నూరు ఉపాధ్యాయ స్థానాలలో ఆరు మాత్రమే వారికి ఖాయమగును. మిగిలిన వాటికి, తరతరాలుగా చదువు అందిన పట్టణ అభ్యర్థులతో వారు పోటీ పడవలెను.

పోటీలో నెగ్గిన మైదానపు అభ్యర్థి కొండకు వచ్చుటకు ఇష్టపడినచో చిక్కు లేదు. కాని ఏజెన్సీకి బదిలీ అనగా శిక్ష అను భావం మన ఉద్యోగ వర్గాలలో వేరూని యున్నది. మలేరియా భయం, దారి లేని పల్లెలు, బిడ్డల చదువు, వృద్ధులైన తల్లిదండ్రులు - వారి కారణాలు వారికి ఉన్నవి. వానిని తేలిక చేయరాదు. ఫలితం మాత్రం పిల్లవాని మీద పడును. హాజరు పట్టీలో పంతులు పేరుండును, బడిలో పంతులుండడు. వచ్చిన నాడు కూడ, ఇంట కువి భాషనో ఆదివాసీ ఒడియానో మాట్లాడు బాలునికి ఆయన తెలుగు పుస్తకాన్ని తెలుగులోనే వివరించును. మా విద్యార్థులలో ఇంట ఉర్దూ పలికి బడిలో తెలుగు అక్షరాలు దిద్దినవారికి ఈ కష్టం వివరింప నక్కరలేదు. ప్రశ్న తెలిసియు జవాబు నోట రాక తలవంచుకొన్న బాల్యం వారు ఎరుగనిది కాదు.

275 నుండి 3 వరకు

ఈ స్థితిని సరిదిద్దుటకు 1986 నవంబరు 5న ప్రభుత్వం 275వ నంబరు ఉత్తర్వును ఐదవ షెడ్యూలు క్రింద ప్రకటించినది. షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయ పదవులు స్థానిక గిరిజనులకే ఇయ్యవలెనని దాని సారాంశం. పరిపాలనా ట్రిబ్యునలు 1989లో దానిని కొట్టివేసినది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1998లో ఆ అప్పీలును ఉపసంహరించుకొన్నది.

పిమ్మట 2000 సంవత్సరం జనవరి 10న వెలువడినది ప్రసిద్ధమైన 3వ నంబరు ఉత్తర్వు. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులు నూటికి నూరు స్థానిక షెడ్యూల్డు తెగలవారికే. అందులో 33 1/3 శాతం స్త్రీలకు. స్థానికులెవరు? తాముగాని తమ తల్లిదండ్రులుగాని 1950 జనవరి 26 నుండి ఎడతెగక ఆ జిల్లా షెడ్యూల్డు ప్రాంతంలో నివసించుచున్నవారు. ట్రిబ్యునలు ఈ ఉత్తర్వును కూడ త్రోసిపుచ్చగా, 2001లో హైకోర్టు మెజారిటీ అభిప్రాయంతో సమర్థించినది. వివాదం సుప్రీంకోర్టుకు చేరినది. 2016లో అది ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించబడినది.

ఈ ఇరువది ఏండ్ల కాలంలో మన్యంలో కనబడిన మార్పును కాగితాలతో మాత్రమే కొలువరాదు. పోడు కొట్టిన తండ్రికి పుట్టిన బిడ్డ సుద్దముక్క పట్టుకొని నల్లబల్ల ముందు నిలిచినది. బడి పిల్లలు ఆమెను చూచి, ఈ కుర్చీలో మనవారు కూడ కూర్చుండవచ్చునని తెలిసికొన్నారు. చదివినచో ఫలమున్నదని తల్లిదండ్రులకు నమ్మిక కలుగుటకు ఇంతకంటె వేరు సాక్ష్యం అక్కరలేదు.

2020 నాటి తీర్పు

చేబ్రోలు లీలాప్రసాదరావు వ్యాజ్యమని పేరు పొందిన ఆ దావాలో, జస్టిస్ అరుణ్ మిశ్రా అధ్యక్షతన గల ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న తీర్పు చెప్పినది. 3వ నంబరు ఉత్తర్వు రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించినది. దాని తర్కాన్ని నాలుగు భాగాలుగా చెప్పుకొనవచ్చును.

మొదటిది, గవర్నరు అధికార పరిధి. ఐదవ పేరా క్రింద ఉన్న చట్టాన్ని మార్చవచ్చును గాని, ఆ పేరిట కొత్త చట్టాన్ని సృష్టించరాదు. ప్రాథమిక హక్కులకు భంగం కలిగించరాదు. రెండవది, పరిమితి. 1992 నాటి ఇంద్రా సహానీ కేసులో నిర్ణయించిన 50 శాతం హద్దును అసాధారణ పరిస్థితులలో తప్ప దాటరాదు. నూటికి నూరనగా ఇతరులకు అవకాశమే లేకుండుట. ఆ ప్రాంతంలోనే నివసించు షెడ్యూల్డు కులాలవారు, ఇతర వెనుకబడిన వర్గాలవారు కూడ దీనివలన వెలివేయబడినారు. మూడవది, నివాస నియమం. 1950 జనవరి 26 నుండి నివాసమను షరతు సహేతుకం కాదు. 371-డి అధికరణం క్రింది ఏర్పాటుకు కూడ విరుద్ధం. నాలుగవది, బోధన. గిరిజనులకు గిరిజనులే బోధించవలెనన్న భావనను ధర్మాసనం గట్టిగా నిరసించినది.

అయితే 1986 నుండి అప్పటి వరకు జరిగిన నియామకాలను న్యాయస్థానం రద్దు చేయలేదు. కాపాడుచు, ఒక షరతు విధించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇకముందు ప్రత్యేకింపు హద్దును మీరినచో ఈ రక్షణ ఉండదని హెచ్చరించినది. ఉభయ రాష్ట్రాలు సమానంగా భరించునట్లు 5 లక్షల రూపాయల ఖర్చులు కూడ విధించినది. ఉద్యోగంలో ఉన్నవారు నిలిచినారు. డిగ్రీలు, ఉపాధ్యాయ శిక్షణ ముగించి వరుసలో నిలిచిన తమ్ముళ్ళు, చెల్లెండ్రు మాత్రం ఒక్కసారిగా నేల జారినట్లయినారు. స్థానికులకు ప్రత్యేక డీఎస్సీ కావలెనని, ఉత్తర్వుకు బదులుగా చట్టం రావలెనని అప్పటినుండి మన్యంలో బందులు, ధర్నాలు జరుగుచునే యున్నవి.

ఉభయ పక్షాల న్యాయం

ఇట్టి విషయాన్ని విచారించునపుడు ఒక పక్షాన్ని దుష్టపక్షంగా చిత్రించుట సులభం, సత్యం కాదు. మన్యంలోనే పుట్టి పెరిగిన నిరుపేద దళిత యువకునికి తన ఊరి బడిలో పంతులయ్యే అవకాశం ఎన్నటికీ లేదన్నచో, అతని బాధ బాధ కాదా? న్యాయస్థానం ఆతనిని గుర్తించినది. అది దాని విధి. ఒకే వర్గంవారితో నిండిన కార్యాలయం, ఆ వర్గం ఎంత వెనుకబడినదైనను, వైవిధ్యం గల కార్యాలయం అనిపించుకొనదు.

కాని తీర్పులో మాకు లోటుగా తోచిన భాగమొకటి కలదు. ప్రశ్న అభ్యర్థుల నడుమ తగవుగా విచారింపబడినది. మూడవ పక్షమైన పిల్లవాడు అందులో తగినంత కనబడలేదు. గిరిజనులకు గిరిజనులే బోధించవలెనని శాసించుట తప్పే కావచ్చును. కాని గిరిజన బాలునికి అతని భాష తెలిసి, ప్రతిదినం బడికి వచ్చు పంతులు కావలెననుట తప్పు కాదు. ఈ రెండు వాక్యాలకు నడుమనున్న భేదాన్ని ప్రభుత్వం నిలబెట్టలేకపోయినది. ప్రభుత్వం తన అవసరాన్ని భాషలో, హాజరులో చూపక, జన్మలో, 1950 నాటి నివాసంలో చూపినది. కనుకనే ఓడినది.

ఇక్కడ ఒక పరదేశ దృష్టాంతం ఉపకరించును. అమెరికా దేశంలో ఆదివాసుల వ్యవహారాలు చూచు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి కలదు. ఆ సంస్థ ఉద్యోగాలలో ఆదివాసులకు ప్రాధాన్యం ఇయ్యవలెనని 1934లో కాంగ్రెసు చట్టం చేసినది. 1972లో పదోన్నతులకు కూడ అది వర్తించునని సంస్థ ప్రకటింపగా, ఆదివాసులు కాని ఉద్యోగులు అది జాతి వివక్ష అని న్యాయస్థానానికి వెళ్ళినారు. మోర్టన్, మన్‌కారీల నడుమ నడచిన ఆ వ్యాజ్యంలో 1974లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆదివాసుల పక్షాన తీర్పు చెప్పినది. ఇది జాతిని చూచి ఇచ్చిన ప్రాధాన్యం కాదు, తమను పాలించు సంస్థలో తమకు పాలు ఉండుటకు ఇచ్చినదని వివరించినది.

రెండు దేశాల రాజ్యాంగాలు వేరు. ఒకదాని తీర్పును మరొకదానికి అతికింపరాదు. అయినను రెండు భేదాలు గమనింపదగినవి. అక్కడ ప్రాధాన్యానికి పునాది చట్టసభ చేసిన చట్టం. ఇక్కడ ప్రకటన రూపంలోని ఉత్తర్వు. అక్కడ ఇచ్చినది ప్రాధాన్యం. ఇక్కడ ఇచ్చినది నూటికి నూరు. ఉత్తర్వుతో వచ్చినది తీర్పుతో పోయినది. నిలకడగల హక్కుకు నిలకడగల పునాది కావలెను.

గిరిజనులందరు ఒకటియా?

వైవిధ్యమను మాటను మరింత లోతుగా చూడవలసి యున్నది. గిరిజనుడను ఒక్క పేరు క్రింద మన్యంలో భగత, కొండదొర, వాల్మీకి, కొండకమ్మర, నూకదొర, కొందు, గదబ, పోర్జ మొదలగు అనేక తెగలున్నవి. వీరందరికి చదువు ఒకే నాడు అందలేదు. రోడ్డు ప్రక్కనున్న పల్లెలకు బడి ముందు వచ్చినది. కొండ కొమ్మున నున్న పల్లెకు ఆలస్యంగా వచ్చినది. అత్యంత వెనుకబడిన ఆదిమ తెగలుగా ప్రభుత్వం గుర్తించినవారిలో కొందు, గదబ, పోర్జ తెగల శాఖలున్నవి. స్థానాలన్నియు గిరిజనులకే ఇచ్చినను, ముందు చదివిన తెగలవారే ముందు చేరుట సహజం. ప్రత్యేకింపుల ఫలం ఆయా వర్గాలలోని అట్టడుగువారికి చేరుట లేదన్న ధర్మాసనపు వ్యాఖ్యను ఈ కోణం నుండి కూడ ఆలోచింపవలెను. స్త్రీలకు మూడవ వంతు కేటాయించిన 3వ నంబరు ఉత్తర్వు, వెనుకబడిన తెగలకు లోపల భాగం చూపినట్లయితే మరింత న్యాయంగా ఉండెడిది.

దొంగ ధ్రువపత్రాల బెడద మరొకటి. తెగకు చెందనివారు చెందినట్లు పత్రం సంపాదించి కొలువులో చేరుట చట్టరీత్యా నేరం. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం విచారణకు, రద్దుకు, శిక్షకు మార్గం చూపినది. ఒక్క దొంగ పత్రం ఒక్క నిజమైన అభ్యర్థి జీవితాన్ని మార్చివేయునని అధికారులు మరువరాదు.

కొలువులో చేరిన పిదప

నియామకంతో పౌరహక్కుల పని ముగియదు. చేరిన ఉద్యోగి తలయెత్తుకొని పనిచేయగలుగుట రెండవ మెట్టు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అస్పృశ్యతను శిక్షించును. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టం షెడ్యూల్డు కులాల, తెగల వారిని నలుగురి ముందు కావలెనని అవమానించుటను నేరంగా పరిగణించును. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది గాని అంతకెక్కువ గాని పనిచేయు చోట స్త్రీల ఫిర్యాదులకు అంతర్గత సంఘం ఉండవలెను. ఇవన్నియు పుస్తకంలో ఉన్నవి. కార్యాలయ గోడమీద ఆ సంఘ సభ్యుల పేర్లున్నవా, ఫిర్యాదు చేసినవాని బదిలీ జరుగకుండ ఎవరైన చూచుచున్నారా అనునది ప్రతి సంస్థ తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన మాట. "కోటాలో వచ్చినవాడు" అను ఒక్క మాట చట్టానికి చిక్కదు. సహోద్యోగి మనసులో మాత్రం ముల్లై దిగును.

భాష మూడవ మెట్టు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పించవలెనని 350-ఏ అధికరణం చెప్పుచున్నది. మన రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, లంబాడీ అను ఎనిమిది భాషలలో బహుభాషా విద్య ఆరంభమైనది. తెలుగు లిపిలో వాచకాలు వచ్చినవి. పుస్తకం వచ్చినచో చాలదు, దానిని చదివి చెప్పగల నోరు కావలెను. ఇటీవలి అనుభవం ఒకటి దీనికి ఎదురు దిశలో నడచినది. 2023లో దేశమంతటి ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు ఉపాధ్యాయులను కేంద్రస్థాయి పరీక్ష ద్వారా ఎన్నిక చేసినారు. హిందీ పరిజ్ఞానం అందులో ఒక నియమం. తత్ఫలితంగా తెలుగు రాని ఉపాధ్యాయులు పలువురు తెలుగు రాష్ట్రాల గిరిజన విద్యార్థుల ముందుకు వచ్చినారు. వారి విద్వత్తును మేము శంకించుట లేదు. కాని గురువు ఒక ఒడ్డున, శిష్యుడు ఒక ఒడ్డున నిలిచినపుడు విద్వత్తు ఏటిలో కలియును.

చేయదగిన పనులు

మా ఆలోచనలో మూడు పనులు ముఖ్యమైనవి. మొదటిది, షెడ్యూల్డు ప్రాంతపు ప్రాథమిక పాఠశాలలలో స్థానిక గిరిజన భాషా జ్ఞానాన్ని ఉద్యోగార్హతగా చేసి, దానికి నిజమైన పరీక్ష పెట్టుట. ఈ నియమం ఎవరికీ తలుపు మూయదు. మైదానపు యువకుడు కూడ కువి నేర్చి రావచ్చును. నేర్చి వచ్చినచో అతడు శిక్షపడి వచ్చినవాడు కాడు, కోరి వచ్చినవాడు. సహజంగానే స్థానికులకు దీనివలన మేలు కలుగును. ఇది పుట్టుకకు ఇచ్చిన బహుమానం కాదు, పనికి కావలసిన యోగ్యత.

రెండవది, న్యాయస్థానం చూపిన హద్దులను గుర్తెరిగి, షెడ్యూల్డు ప్రాంతాలకు రాష్ట్ర శాతానికి మించిన, కాని సమర్థింపదగిన ప్రత్యేకింపును లెక్కల ఆధారంగా చట్టరూపంలో తెచ్చుట. గిరిజన సలహా మండలి ఈ చర్చకు సరియైన వేదిక. నివాస నియమం కావలెనన్నచో 16వ అధికరణం మూడవ ఖండం ప్రకారం పార్లమెంటునే అడుగవలెను. ఎవరి హక్కు ఎంత అనునది అంకెలతో తేల్చిన చట్టం, భావావేశంతో తెచ్చిన ఉత్తర్వుకంటె ఎక్కువ కాలం నిలుచును.

మూడవది, అభ్యర్థులను సిద్ధపరచుట. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరంలో ఆరంభమైనది. ఉపాధ్యాయ శిక్షణ, పోటీ పరీక్షల శిక్షణ కొండల మీదికి వెళ్ళవలెను; అందులో వెనుకబడిన తెగల బాలికలకు ప్రథమ స్థానం ఉండవలెను. పోటీకి సిద్ధం చేయక పోటీలో నిలువుమనుట, ఈత నేర్పక ఏటిలో త్రోయుట వంటిది.

ముగింపు

నూరేండ్ల క్రిందట గూడెం గిరిజనుడు కచేరీ ముందు చేతులు కట్టుకొని నిలుచుండెడివాడు. నేడు అతని మునిమనుమరాలు అదే సీమలోని బడిలో కుర్చీ వేసికొని కూర్చున్నది. ఆ కుర్చీ ఉత్తర్వుతో వచ్చి తీర్పుతో చిక్కులో పడినది. దానిని నిలబెట్టవలసిన బాధ్యత ఆమె ఒక్కతెది కాదు. ఆమె ప్రక్కన మరొక తెగవానికి, మరొక కులంవానికి, మరొక మతంవానికి చోటున్నపుడే ఆ కుర్చీ బలపడును. వారందరికి తమ ఎదుటనున్న బిడ్డ భాష వచ్చినపుడే ఆ బడి బడి యగును.

విద్యార్థి మిత్రులు రేపు ఉద్యోగులై ఏజెన్సీకి వేయబడినచో దానిని శిక్షగా తలపకుందురు గాక. ఆ సీమకు పేరు ఒక ఉద్యోగి హోదావలన వచ్చినది. ఆ పేరుకు మంచి అర్థం కల్పించుట ఇకపై వారి చేతిలోని పని.